స్తెఫను ఇంక రాలే

లైట్లు ఆరిపోగానే తల్లి తల వంచి కొంగు నెత్తిమీదికి లాక్కుంది. ప్రార్థన మొదలైందనుకుంది పాపం. లిల్లీకి నవ్వు రాబోయి వెంటనే ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలియదు, తల్లి మీదైతే కాదు, నల్లులున్న ఈ కుర్చీల మీద కావచ్చు, ముందు వరసలో అప్పుడే ఈలలు మొదలుపెట్టిన గాడిదల మీద కావచ్చు. పుట్టి బుద్ధెరిగాక హన్నమ్మ సినిమా హాల్లో అడుగుపెట్టడం ఇదే మొదలు. ఆమె చిన్నతనాన సిర్గాపూర్ సంఘంలో సినిమాకు పోయినవాళ్ళను ప్రభురాత్రి భోజనం ముట్టనిచ్చేవారు కాదు, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం నాడు వెనక తల దించుకుని కూర్చోవలసిందే. ఆ భయం ఆమెతోపాటే పెరిగి ఆమెతోపాటే ముసలిదయింది. ఇప్పుడు సంఘం పాస్టరు అయ్యగారి ఇంట్లో పొద్దస్తమానం టీవీ మోగుతుంది, అది పాపం కాదట, తెర చిన్నది కాబట్టి పాపమూ చిన్నదేమో. ఈ పూట హన్నమ్మ గుడికి కట్టుకునే తెల్లచీరే కట్టుకుంది. గేటు దగ్గర టికెట్లు చింపే మొగులప్పకు వందనాలు చెప్పింది. లోపలికి వచ్చే ముందు చెప్పులు గోడవారన విడిచింది. తొడుక్కో అవ్వా, ఎవరన్నా ఎత్తుకపోతరు అని లిల్లీ అంటే, చెప్పులేసుకొని లోపలికి ఎట్ల పోతం బిడ్డా అంది. నారాయణఖేడ్ బస్టాండు పక్కన టాకీసు ముందు చెప్పులు విడిచిన మనిషి ఇప్పటిదాకా పుట్టి ఉండడు. పోతే పోయాయి, కొత్తవి కొనిస్తాను, ఇంత పనిలో అదొక పనా అనుకుంది లిల్లీ.

సినిమా చూడటానికి వచ్చిన మనిషి కాదు ఆమె. షుగరు ఎప్పుడో కళ్ళను తినేసింది, వెలుగుందా లేదా అన్నంతవరకే తెలుస్తుంది. ఆమె వినడానికి వచ్చింది. స్తెఫను గొంతు వినడానికి. లిల్లీ తమ్ముడు స్తెఫను పోయిన వానాకాలం హైదరాబాదులో పచ్చకామెర్లతో పోయాడు. అంతకు ముందు ఏడాది ఈ సినిమాలో వేశాడు, హీరో వెనకాల తిరిగే బస్తీ పోరగాళ్ళలో ఒకడిగా. శవమై ఇంటికొచ్చినప్పుడు తల్లి వాడి మొహమంతా తడిమింది, కనుబొమలు తడిమింది, చెవులు తడిమింది, అన్నీ ఉన్నాయి, మాట ఒక్కటే లేదు. ఆధార్ కోసమో రేషన్ కోసమో దిగిన ఫోటో ఒకటి ఇంట్లో ఉంది. చుట్టాలెవరో దాన్ని పెద్దది చేయించి పటం కట్టిస్తామంటే వద్దంది. సినిమా ఖేడ్ కు వచ్చిందని తెలిసిన రోజు మాత్రం లేచి కూర్చుంది. "ఫోటో నాకెందుకు బిడ్డా, కండ్లు లేకపాయె. సిన్మల మాట ఉంటది గదా. నన్ను తోల్కపో" అంది. లిల్లీ భయపడ్డది ఆ మాటకే. ఎందుకంటే ఈ సినిమాలో స్తెఫను మొహం ఉంది, నడక ఉంది, పళ్ళ సందు కూడా ఉంది, గొంతు లేదు. ఆ గొంతు తీసి పారేసి వేరేవాడి గొంతు పెట్టారు. ఈ సంగతి లిల్లీకి తెలుసు. తల్లికి తెలియదు.

చెప్పొచ్చు కదా అంటే ఏమని చెప్పాలి. అవ్వా, వాళ్ళకు నీ కొడుకు మొహం పనికొచ్చింది, మాట పనికి రాలేదు అని చెప్పాలా. అందుకే ఒక ఉపాయం పెట్టుకుంది, దిక్కుమాలిన ఉపాయమే, అయినా ఉపాయమే. స్తెఫను తెరమీదికి వచ్చినప్పుడల్లా ఇంక రాలేదని చెబుతుంది. ఇంటర్వెల్ దాకా అట్లాగే నడిపిస్తుంది. ఆ తర్వాత, వాడిది చిన్న ముక్కేనట, అదీ కోసేసిండ్రట అవ్వా, సిన్మలోళ్ళ బుద్ధే అంత అని చెప్పి, ఇద్దరూ కలిసి వాళ్ళను తిట్టుకుంటూ సిర్గాపూర్ ఆటో ఎక్కేస్తారు. రెండో సగంలో ఆమెను ఉంచడానికి లేనే లేదు. రెండో సగంలో స్తెఫనును వానలో కత్తితో పొడుస్తారు, వాడు హీరో ఒళ్ళో తల పెట్టుకుని స్నేహం గురించి చాలాసేపు మాట్లాడి చచ్చిపోతాడట. పచ్చకామెర్లతో చచ్చేవాడు మాట్లాడడు, కక్కుతాడు. ఆ ముక్క లిల్లీ తన కళ్ళతో చూసింది, దానికి పాటా లేదు వానా లేదు.

తెరమీద బస్తీ వచ్చింది. వచ్చిందంటే ఎట్లా వచ్చింది, పెళ్ళికూతురు వచ్చినట్టు వచ్చింది. గోడలకు నీలం, పసుపు, గులాబీ రంగులు. ఏ బస్తీలో ఏ మహానుభావుడు గోడకు గులాబీ రంగు వేశాడో చూపిస్తే లిల్లీ వాడి కాళ్ళు మొక్కేది. కూలికి పోయినప్పుడు హైదరాబాదులో వీళ్ళున్న బస్తీ రైలుపట్టాల పక్కన, సిమెంటు సంచులు కుట్టి చేసిన గోడలు, ఒక్క గాలివానకు పక్కింటివాళ్ళ పొయ్యి మన మంచం కిందికి వచ్చేది. సినిమా బస్తీలో నీళ్ళ టాంకరు వస్తే ఆడపిల్లలు నవ్వుతూ ఒకరిమీద ఒకరు నీళ్ళు చల్లుకుంటున్నారు. చల్లుకోండమ్మా, మీ అబ్బ సొమ్మేం పోయింది. నిజం టాంకరు దగ్గర బిందె పక్కవాళ్ళ తలకు తగిలి కుట్లు పడేవి, ఆ కుట్లు వేయించుకోవడానికి పోతే పని పోయేది. పోరగాళ్ళ చొక్కాలు కూడా అందంగానే చిరిగాయి, అందరికీ భుజం దగ్గరే, ఒకే దర్జీ చింపినట్టు. బట్టలు కుట్టి బతికే లిల్లీకి ఆ మాత్రం తెలియదా, పనిచేసే చొక్కా భుజం దగ్గర చిరగదు, చంకలో చిరుగుతుంది, ఛాతీ దగ్గర తట్ట అంచు రాసుకున్నచోట చిరుగుతుంది. చంకలో చిరిగితే కెమెరాకు కనపడదు కదా మరి. పేపర్లో ఎవడో రాశాడు, బస్తీ యువత నగ్న సత్యం అని. సత్యం నగ్నంగానే ఉండవచ్చు, రాసినవాడు మాత్రం ఏసీలో స్వెట్టరు వేసుకుని ఉండి ఉంటాడు.

ఆ దర్శకుడు వీళ్ళు కూలి చేసే సైటుకు వచ్చిన రోజు ఆమెకు బాగా గుర్తు. మోకాళ్ళ దాకా లాగు, నెత్తిన టోపీ, గడ్డం. వీళ్ళ టీ గ్లాసులోనే టీ తాగుతానని పట్టుబట్టి తాగాడు, తాగేముందు ఆ గ్లాసుకు ఫోటో తీశాడు. హన్నమ్మ చేతులు పట్టుకుని, సిమెంటు తిని పగుళ్ళు పడ్డ ఆ చేతులను అటూ ఇటూ తిప్పి చూసి, మీ కష్టంలో గొప్ప అందం ఉందమ్మా అన్నాడు. అప్పటికి ఆమెకు కళ్ళు మసకలే కానీ నోరు మసక కాదు. అంత అందమున్నదా సారూ, అట్లయితే నువ్వు గూడ రెండు తట్టలెత్తు, జర అందమొస్తది అంది. అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు, ఆ మాట కూడా చిన్న పుస్తకంలో రాసుకున్నాడు సిగ్గులేనివాడు. అప్పుడే స్తెఫనును చూశాడు. స్లాబు అంచున నిలబడి వీడు తట్టల వరసకు కేకేస్తున్నాడు, ఆ పిలుపు విని దర్శకుడు తల ఎత్తి చూసి, ఎవరా అబ్బాయి, ఆ గొంతు ఎవరిది అని అడిగాడు. అవును, గొంతు వినే అడిగాడు. వాడిని ఎంచుకున్నదే గొంతు విని. తర్వాత ఆ గొంతునే తీసేశాడు. గాడిద గుడ్డు అంటారు కదా, ఆ గుడ్డును పొదిగే తెలివి సినిమావాళ్ళకే ఉంటుంది.

ఇదిగో వచ్చాడు. గోడమీద కూర్చుని కాళ్ళు ఊపుతూ, హీరో వెనకాల, చేతిలో జామకాయ. లిల్లీ కుర్చీలో ముందుకు వంగింది. ఇంత పెద్ద మొహం. బతికుండగా ఇంత దగ్గరగా వాడి మొహం ఎప్పుడైనా చూసిందా, ఎడమ కనుబొమలో చిన్న కోత ఉంది, చిన్నప్పుడు మేకపిల్ల వెంట పరుగెత్తి రాయిమీద పడ్డప్పటిది. జామకాయ కొరికాడు, నవ్వాడు, నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి ఎవడిదో గొంతు వచ్చింది. సన్నటి, నూనె రాసినట్టున్న గొంతు, మాట మాటకు చివర బై, నాయనా, వారీ అని తగిలిస్తోంది, ఏ బజార్లోనూ ఎవడూ మాట్లాడని తెలంగాణ. హీరో మాత్రం శుభ్రమైన పుస్తకం భాష మాట్లాడతాడు, వాడూ అదే బస్తీలో పుట్టాడట, అదే నల్లా నీళ్ళు తాగాడట, అయినా వాడి నాలుక వేరే జిల్లాలో పెరిగింది. మా మాట తెరమీద ఎవరికిస్తారో లిల్లీకి చిన్నప్పటినుంచీ తెలుసు, జేబులు కొట్టేవాడికి, తాగి పడిపోయేవాడికి, నవ్వించడానికి తెచ్చినవాడికి. వాళ్ళకు కూడా నిజం మాట ఇవ్వరు, దొంగమాటే ఇస్తారు. సినిమా విడుదలైన మొదటివారంలోనే లిల్లీ హైదరాబాదులో ఒంటరిగా పోయి కూర్చుని, సరిగ్గా ఈ జామకాయ దగ్గరే లేచి బయటికి వచ్చేసింది. టాకీసు మెట్లమీద కూర్చుంది. మిగతా కథంతా తర్వాత స్తెఫను దోస్తు జావేద్ చెప్పాడు.

"వచ్చిండా" అని అడిగింది తల్లి, చెవి దగ్గర, మెల్లగా, గుడిలో మాట్లాడినట్టు.

లిల్లీ తెరమీది తమ్ముణ్ణి చూస్తూనే చెప్పింది. "ఇంక రాలే అవ్వా."

హన్నమ్మ తల ఊపింది. ఆమె చెయ్యి లిల్లీ మణికట్టు మీద ఉంది, ఎండిన తోలు, ఎముకలు, ఆ వేళ్ళ కింద లిల్లీ నాడి తన్నుకుంటోంది. ఈ గోలంతా జావేద్ వల్ల వచ్చింది. వాణ్ణి ఏమనడానికీ లేదు. బషీర్ కొడుకు జావేద్ నగరంలో స్తెఫనుతోపాటే సెంట్రింగు పనికి పోయినవాడు, ఇద్దరూ ఒక దుప్పటిలో పడుకున్నవాళ్ళు, ఇప్పుడు ఖేడ్ లో ఆటో నడుపుతున్నాడు. సినిమా ఆలస్యంగా ఈ ఊరికి వస్తే టాకీసువాళ్ళు ప్రచారానికి వాడి ఆటోనే మాట్లాడుకున్నారు. వాడు మైకు పట్టుకుని మనూరు, సిర్గాపూర్, బోరంచ దాకా తిరిగాడు, మన సిర్గాపూర్ ముద్దుబిడ్డ స్తెఫను నటించిన అని ఒర్లుకుంటూ. దోస్తు మీది ప్రేమతోనే ఒర్లాడు. హన్నమ్మ వాకిట్లో కూర్చుని కందిపప్పు చెరుగుతోంది, చేట చేతిలో ఉన్నట్టే ఆగిపోయింది. లిల్లీ పరుగున పోయి ఆటోకు అడ్డం నిలబడి జావేద్ ను నిలదీస్తే, మర్చిపోయిన అక్కా, అత్త వింటదని సోచాయించలే అన్నాడు, అని అక్కడే స్టీరింగు మీద తలపెట్టి ఏడ్చాడు. ఏడిస్తే ఏమొస్తుంది. ఏడుపు వీళ్ళకు పనిచేయదు, అదీ సినిమావాళ్ళకే పనిచేస్తుంది, వాళ్ళు ఏడిస్తే హాలంతా ముక్కు తుడుచుకుంటుంది.

హీరోయిన్ దిగింది. పాచిపనులు చేసే ఇంటి పిల్లట, గోళ్ళకు రంగు. ఎక్కడో బొంబాయి నుంచి వచ్చి ఉంటుంది, మాట ఒకటైతే పెదాలు ఇంకొకటి అంటున్నాయి, సరే, అబద్ధం చెప్పడంలోనైనా ఇక్కడ అందరూ సమానమే. ఆమె పెద్దదవుతోందని చూపించడానికి అద్దంలో మొటిమ, పుస్తకంలో గులాబీ రేకు, వెనకాల వేణువు. లిల్లీ పెద్దదయిన సంగతి లిల్లీకి ఎట్లా తెలిసింది? ఇటుకల లారీ దగ్గర నిలబడి ఉంటే గుత్తేదారు మనిషి తట్ట నెత్తిన పెట్టే మిషతో కొంచెం ఎక్కువసేపు చేతులు అక్కడే ఉంచాడు, అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం తల్లి ఏమీ అడగకుండా చచ్చిపోయిన తండ్రి పీటర్ పాత చొక్కా తీసి ఓణీమీద తొడిగి, గుండీలు మెడదాకా పెట్టింది. మర్నాడు లారీ దగ్గర ఆ మనిషి కాలిమీద ఇటుక పడింది, హన్నమ్మ చేతిలోంచే జారిందట, అయ్యో చెయ్యి జారింది సారూ అని ఆమే అందరికంటే ముందు అంది. ఇది ఎందుకు తీయరు సినిమా? దీంట్లో వేణువు పెట్టడానికి చోటు లేదు కాబట్టి తీయరు. తెరమీద స్తెఫను మళ్ళీ వచ్చాడు, హీరోయిన్ ఇంటికి హీరో ఉత్తరం మోసుకుపోతున్నాడు. స్తెఫను ఎవరి ఉత్తరమూ మోయలేదు, వాడికి సిగ్గు, ఆడపిల్ల ఎదురొస్తే రోడ్డు అవతలికి పోయేవాడు. కుక్క తరుముతోంది, స్తెఫను పరుగెత్తి బురదలో పడ్డాడు, హాలు విరగబడి నవ్వింది. నూనె గొంతు సచ్చిన్రో వారీ అని అరిచింది. నవ్వండి, బాగా నవ్వండి, వాడు మీకోసమే పడ్డాడు.

హన్నమ్మ నవ్వలేదు. "ఎవడే వాడు, ఇందాకటిసంది ఒర్లుతుండు. గా గొంతేంది, ఎలుక తలుపుసందున పడ్డట్టు" అంది. లిల్లీకి ఒక్క క్షణం తల్లిని గట్టిగా కౌగిలించుకోవాలనిపించింది. వాడెవడో జోకరు అవ్వా, నువ్వు వాణ్ణి ఇనకు అని చెప్పింది. మరి స్తెఫను ఎప్పుడొస్తడు అంటే, వస్తడు, వస్తడు అంది. ఎదురుగా స్తెఫను బురదలోంచి లేచి, మొహం తుడుచుకుని, అచ్చం ఇంట్లో అన్నం ఆలస్యమైతే చూసినట్టు ఇటే చూశాడు. కన్నతల్లి పక్కన కూర్చుని, కన్నకొడుకు ఎదురుగా నిలబడి ఉంటే, లేడు అని చెప్పే బతుకు. థూ. తన నాలుకను కూడా ఎవడో వేరేవాడు వాడుకుంటున్నట్టే ఉంది. ఇంటర్వెల్ ఎప్పుడిస్తారో ఈ వెధవలు.

తెర ఉన్నట్టుండి తెల్లబడింది, ఎండ. ఎత్తైన బిల్డింగు, కర్రల మంచె, కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతున్న మోత. హీరో ఒక్కరోజు కూలికి వచ్చాడు, తండ్రి కష్టం తెలుసుకోవడానికట, నెత్తికి ఎర్ర రుమాలు, తట్ట మొయ్యడం ఎట్లాగో తెలియక పొట్టకు ఆనించుకుంటున్నాడు, నాలుగు తట్టలకు నడుం పట్టేస్తుంది బిడ్డా అనుకుంది లిల్లీ. అప్పుడు వెనక వరసలు కనపడ్డాయి. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి తట్టలు పాకుతున్నాయి, ఆ చేతులు నటించేవాళ్ళ చేతులు కావు. తల పక్కకు వంచి నిలబడ్డది మేస్త్రి బసవరాజ్. ఆ వెనక, బొట్టు లేని నుదురు, చొక్కా తొడుక్కున్నది నెహెమ్యా భార్య రోజ. సిర్గాపూర్ గుంపే. వీళ్ళు నిజంగా స్లాబు పోస్తుండగానే దర్శకుడు కెమెరా పెట్టి తీశాడన్నమాట. ఆ రోజుకు తల్లికి బాగులేక లిల్లీ ఆమెతోపాటు ఊళ్ళోనే ఉండిపోయింది, ఈ ముక్క ఆమెకు తెలియదు, జావేద్ కూడా చెప్పలేదు. మిల్లరు మోత మీదుగా ఒక పిలుపు లేచింది.

"లింగంపల్లి లింగంపల్లీ..."

బొంగురు గొంతు. చివర కొంచెం చీలి, పైకి లేచే గొంతు. గుంపంతా "వచ్చె" అంది.

లిల్లీ మణికట్టు మీది వేళ్ళు ఎముకదాకా దిగాయి. ఇది సిర్గాపూర్ గుంపు పద్ధతి, ఇంకెవరికీ లేదు. స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు, వానొచ్చినా, మనిషి సొమ్మసిల్లినా ఆపకూడదు, ఆపితే అక్కడ అతుకు పడుతుంది, ఆ ఇంట్లో బతికినన్నాళ్ళూ ఆ అతుకులోంచే నీళ్ళు కారుతాయి. పొద్దుటినుంచి రాత్రయ్యేదాకా నిలబడాలంటే మనసు ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా. అందుకని బసవరాజ్ ఎప్పుడో ఒక దారి కనిపెట్టాడు. స్లాబును గళ్ళు గళ్ళుగా లెక్కపెట్టుకుని, ఒక్కో గడి నిండేటప్పుడు ఇంటికి పోయే బస్సు ఆగే ఊరి పేరు ఒకటి కండక్టరులాగా పిలవడం. వరసలో వాళ్ళంతా వచ్చె అనడం. ఆఖరి మూల నిండేటప్పుడు సిర్గాపూర్ వస్తుంది, అప్పుడు మాత్రం దిగు అంటారు, తట్టలు కింద పడేస్తారు. బసవరాజ్ గొంతు పోయాక ఆ పిలుపు స్తెఫనుకు ఇచ్చారు, మీసం రాకముందే. ఎన్ని స్లాబుల మీద నిలబడి వాడు అందరినీ ఇంటికి తోలుకుపోయాడో. ఈ మోతలో నూనె గొంతువాడికి నోరు పెగలలేదో, కూలోళ్ళ అరుపుకు డబ్బింగు దండగ అనుకున్నారో, ఆ రోజు మైకులో పడ్డదే పడ్డట్టు ఉంచేశారు. వాళ్ళు ఇష్టపడి ఉంచింది కాదు, బద్ధకంతో మిగిల్చింది.

"పటాన్‌చెరు పటాన్‌చెరూ..."

"వచ్చె" అంది హన్నమ్మ. తెరమీది గుంపుతోపాటు అంది, చీకట్లో, నిండు గొంతుతో. ముందు వరసలో ఎవడో వెనక్కి తిరిగాడు. ఆమె లేచి నిలబడింది. కొంగు జారిపోయింది, చూసుకోలేదు. చేతులు రెండూ ముందుకు చాచి, పక్కకు తిప్పింది, ఎవరో ఇచ్చిన తట్ట అందుకుని ఇంకెవరికో ఇస్తున్నట్టు.

"సంగారెడ్డి సంగారెడ్డీ..."

"వచ్చె."

"జోగిపేట జోగిపేటా..."

"వచ్చె" అంది, ఆ మాటలో నవ్వుంది, కన్నీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి, ఈ ఏడాదిలో లిల్లీ ఆమె మొహంలో ఇంత సంతోషం చూడలేదు. తర్వాత శంకరంపేట రావాలి. హన్నమ్మ చేతులు చాచే ఉంది. తెరమీద హీరో తట్ట కింద పెట్టి నుదుటి చెమట విదిలించాడు, ఆ చెమటచుక్క మెల్లగా, మెల్లగా కిందపడుతూ పూలతోటలో వానచినుకు అయిపోయింది, హీరోయిన్ గొడుగు విప్పింది, పాట. హాలంతా ఈలలు. హన్నమ్మ చేతులు అట్లాగే గాలిలో ఉన్నాయి.

"ఆపిండ్రా?" అని అడిగింది. "లిల్లీ, జోగిపేటల ఆపిండ్రా?" ముసలిది మళ్ళీ అంది, ఈసారి కోపంగా, "స్లాబు నడుమల ఆపుతరా ఎవరన్నా?"

కూర్చోవే అవ్వా, కనపడతలేదు అన్నాడు వెనకనుంచి ఒకడు. లిల్లీ తిరిగి వాడివైపు చూసింది, చీకట్లో కూడా ఆ చూపు వాడికి తగిలినట్టుంది, వెనక్కి జరిగాడు. వానలో గొడుగు తిప్పుకుంటూ ఆ పిల్ల ఎగురుతోంది. వీళ్ళకేం తెలుసు. దవాఖాన నుంచి స్తెఫనును తెచ్చింది ఇదే దారిన, ట్రాలీ ఆటో వెనక లిల్లీ, జావేద్, మధ్యలో వాడు, దుప్పటి. లింగంపల్లి దాటింది, పటాన్‌చెరు దాటింది, సంగారెడ్డిలో టీ కొట్లు తెరిచి ఉన్నాయి, జోగిపేటలో గేదెలు అడ్డమొచ్చాయి, ఒక్క ఊరికీ ఎవరూ పేరు పిలవలేదు. జావేద్ వాడి చెయ్యి పట్టుకుని బయటికి చూస్తూ కూర్చున్నాడు. లిల్లీ నోరు తెరవబోయింది ఒకసారి, శంకరంపేట దగ్గర, తెరవలేకపోయింది. అందరినీ ఇంటికి పిలిచినవాణ్ణి ఇంటికి పిలిచే దిక్కు లేకపోయింది. పిలవకుండానే తెచ్చి, పిలవకుండానే దించి, పిలవకుండానే మట్టి వేశారు.

లిల్లీ లేచి నిలబడింది. వేణువూ వయొలిన్లూ హాలును ఊపేస్తున్నాయి, వాటిని మించి అరవాలంటే ఛాతీ నిండా గాలి కావాలి, నింపుకుంది.

"శంకరంపేట శంకరంపేటా..."

చిన్నప్పటినుంచీ తన గొంతంటే ఆమెకు అసహ్యం, మగవాడి గొంతులా బొంగురుగా, చివర చీలుతుందని. ఇప్పుడూ చీలింది.

తల్లి తల చటుక్కున ఇటు తిరిగింది. "వచ్చె" అంది.

"నారాయణఖేడ్ ఖేడ్ ఖేడ్..."

"వచ్చె" అంది హన్నమ్మ. కుడివైపు చీకట్లోంచి ఇంకొక మగ గొంతు వచ్చె అంది, నేల టికెట్టు దిక్కునుంచి రెండుమూడు గొంతులు, ఎవరో, ఏ గుంపులో ఏ స్లాబులు పోసినవాళ్ళో. ఈలలు వేసే గాడిదలు ఈలలు ఆపారు. ఆ గాడిదల్లో కూడా ఎందరు నగరంలో తట్ట మోసినవాళ్ళో, ఆ సంగతి లిల్లీ ఇంతసేపూ తలుచుకోలేదు. గేటు తెర తప్పించి మొగులప్ప లోపలికి తొంగి చూస్తున్నాడు. పాట ఇంకా పాడుతూనే ఉంది, పాడుకోనీ.

"సిర్గాపూర్ సిర్గాపూర్..."

గుంపు లేదు, అనవలసింది ఒక్కతే. హన్నమ్మ చాచిన చేతులు మెల్లగా కిందికి దించింది, బరువైనదేదో నేలమీద పెట్టినట్టు, పగలకుండా.

"దిగు బిడ్డా" అంది.

తర్వాత కొంగు సర్దుకుని, ఇగ పోదాం పా అంది. ఇంకా ఉన్నది గదా అవ్వా అని లిల్లీ అనలేదు. కుర్చీల సందులోంచి మోకాళ్ళు తప్పించుకుంటూ, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వచ్చారు, ఒకాయన కాళ్ళు పైకి పెట్టుకుని దారి ఇచ్చాడు. బయట ఎండ మొహాన కొట్టింది. హన్నమ్మ కాలితో గోడవారన వెతికింది, చెప్పులు విడిచినచోటే ఉన్నాయి. తొడుక్కుంటూ, లిల్లీ భుజం పట్టుకుని, "జోకరు గాదే వాడు. మన పిల్లగాని నోట్లకెళ్ళే ఒర్లిండు గదా ఇంతసేపు. పిల్లగాడు ఎదురుంగ ఉన్నప్పుడల్ల నీ చెయ్యి గజగజమన్నది" అంది, తిట్టినట్టు కాదు, అన్నం తిన్నవా అని అడిగినట్టు. లిల్లీ తలవంచుకుని తల్లి చెప్పు పట్టీ వేలికి సరిగ్గా ఎక్కించింది. ఎదురుగా బస్టాండులో సిర్గాపూర్ ఆటోవాడు మనుషుల కోసం కేకేస్తున్నాడు, అటు నడిచారు. వెనక తలుపు సందులోంచి పాట అయిపోయి మాటలు మొదలయ్యాయి, లోపల ఎవడో స్తెఫను నోటితో మాట్లాడుతూనే ఉన్నాడు.